పేరు లేని స్కాన్

అరుదైన ఊపిరితిత్తుల జబ్బొకదాన్ని గుర్తుపట్టడమెలాగో డాక్టర్లకు నేర్పే తరగతిలో, రోగుల కుటుంబాల తరఫున నన్నూ మాట్లాడమన్నారు. పేరు కనబడకుండా ఒక స్కాన్‌ను తెర మీద వేయించాను.

ఎదురుగా కూర్చున్న పెద్ద డాక్టరు క్షణంలో చెప్పేశాడు. “ఊపిరితిత్తుల నిండా గాలి బుడగల్లాంటి తిత్తులే. వయసులో ఉన్న ఆడవాళ్లకొచ్చే జబ్బు. ఇందులో తికమక ఏముందమ్మా?”

“ఆస్తమా అని నాలుగేళ్లు పీల్చే మందిచ్చారండీ.”

“ఏ గుడ్డివాడమ్మా ఇచ్చింది?”

హాలంతా నవ్వింది. నేను వేదిక దిగి పాత మందుల చీటీ ఒకటి ఆయన చేతిలో పెట్టాను. సంతకం ఆయనదే.

“ఆరోజు ఈ స్కాన్ ఉన్న కవరు మీరు విప్పనైనా లేదు. మా చెల్లి పోయి ఆరేళ్లయింది,” అన్నాను, ఆయనకు మాత్రమే వినబడేలా.

ఆయన చీటీ మడిచి గుప్పిట్లో దాచుకున్నాడు. “క్షమించమ్మా. ఇక్కడ నా పేరు మాత్రం చెప్పకు, నీకు దండం పెడతాను.”

“క్షమించే మనసిమ్మని రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నానండీ. ఇంకా ఇవ్వలేదు. మీ పేరు నేను చెప్పను.”

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

“ఏటా ఈ పాఠం మీరే చెప్పాలి. సంతకం ఎవరిదో మీ నోటితోనే చెప్పాలి. ప్రతిసారీ వచ్చి వింటాను,” అని మైకు ఆయన చేతికిచ్చాను. “ఇవాళే మొదలుపెట్టండి, డాక్టరుగారూ.”