కుళాయి కీర్తన

ఇంటింటికీ పాటల పెట్టెలు వచ్చాక, బాపట్ల సంఘంలో ఆదివారం ఆరాధనకు వంతులవారీగా ఒక్కో ఇల్లు కొత్త పాట తేవలసి వచ్చేది. మనసులో మాట చెబితే చాలు, పెట్టే బాణీ కట్టేది.

తన వంతు వచ్చిన రోజు దీనమ్మ భక్తిగా పెట్టె ముందు కూర్చుంది గానీ, వంటింట్లో కారుతున్న కుళాయి చప్పుడుకు ఒక్క మాటా తోచలేదు. బాగుచేస్తానన్న భర్త ఏలీషా ఇంకా ముసుగుతన్ని పడుకునే ఉన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఎన్నిసార్లు పిలవాలయ్యా నిన్ను? ఇదిగో వస్తానంటావు, ఎప్పుడొస్తావు? నీకోసం చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి!"

అంతా విన్న పెట్టె, పాట కట్టి చర్చికి పంపేసింది.

ఆరాధనలో సంఘమంతా ప్రభువునే పిలుస్తున్నట్టు చేతులెత్తి, కన్నీళ్లతో అదే పాడింది. దీనమ్మ చెంగులో ముఖం దాచుకుంది. ఏలీషాకు చెమటలు పట్టాయి.

"ఎంత ఆవేదన తల్లీ! వచ్చే వారం రెండో చరణం కూడా తేవాలమ్మా," అన్నారు పాస్టరుగారు.

ఏలీషా చటుక్కున లేచాడు. "వద్దయ్యగారూ! ఇయ్యాలే బాగుచేస్తానండీ!"

దేన్ని బాగుచేస్తాడో తెలియకపోయినా, సంఘమంతా "ఆమేన్" అంది.