నీళ్ళ ఊరిలో ఎద్దులు

“పడవెక్కినాంక కుడిపక్క మొదట ఏమొస్తాది?” అని అడిగింది యేసమ్మ, రోట్లో వక్కాకు దంచుకుంటూ.

తిమోతి నుదుటి చెమట తుడుచుకున్నాడు. మదనపల్లె మిషన్ ఆసుపత్రి కాంపౌండులో ఆ సాయంత్రం గాలి చల్లగానే వీస్తోంది. చెమట పట్టింది అతనొక్కడికే.

పెద్దల మాటలన్నీ పోయినవారమే అయిపోయాయి. పిల్ల పుష్పమ్మకు అతను ఇష్టం. ఆమె అంటే అతనికి ప్రాణం. మధ్యలో అడ్డం పడింది అతని నోరే. యుద్ధంలో ఇటలీ దాకా పోయాననీ, వెనీసు అనే నీళ్ళ ఊరిని పడవలో చుట్టి చూశాననీ తన ఊరు పుంగనూరంతా టముకు వేసుకున్నాడు. అది కాస్తా పిల్ల తండ్రి పేతురు చెవిన పడింది. పేతురు ఆసుపత్రిలో కాంపౌండరు. అబద్ధమాడేవాడికి పిల్లనివ్వనని భీష్మించుకున్న మనిషి.

“బెంగళూరు మిలిటరీ డిపోలో కూరకు ఎర్రగడ్డలు తరిగినోళ్ళంతా ఇప్పుడు రోము సూసొచ్చినామంటాండారు. నీ సంగతి మాయమ్మ తేలుస్తాది. ఆమె ఆ ఊరు సూసిన మనిషి,” అన్నాడు పేతురు.

మామూలు మనిషా మరి! పాతికేళ్ళ కిందట ఒక దొరసాని పిల్లలకు ఆయాగా ఓడెక్కింది యేసమ్మ. తిరిగొచ్చిన నాటినుంచి ప్రతి ఆదివారం ఆరాధన ముగియగానే వరండాలో కూర్చుని వెనీసు పడవ ప్రయాణం చెప్పడం, కాంపౌండంతా నోరెళ్ళబెట్టి వినడం ఆచారమైపోయింది. పాదిరిగారి ప్రసంగానికి కునుకు తీసేవాళ్ళు కూడా దీనికి లేచి కూర్చునేవారు. ఆమె పేరే వెనీసు అవ్వ.

“అడిగింది నిన్నే అబ్బోడా. కుడిపక్క ఏమొస్తాది?”

“రాజుగారి మేడ అవ్వా. గులాబిరంగు రాయి.”

“గులాబి యాడిది? తెల్లసున్నం.”

“సున్నమే అవ్వా. పొద్దుగూకేటప్పుడు పోయింటి, ఎండకు అట్ల కనపడినట్టుండాది.”

పేతురు గొంతు సవరించుకున్నాడు. తలుపు వెనక పుష్పమ్మ గాజులు కదిలాయి.

“సరే. పడవ నడిపేది ఎవురు?”

“వెనక ఒక మనిషి నిలబడి, ఒకటే తెడ్డుతో…”

రోకలి ఆగిపోయింది.

“ఒక మనిషా? మరి ఎద్దులు?”

“ఎద్దులా?”

“గట్టు మింద రెండెద్దులు, మనూళ్ళో కపిల తోలి బాయిలో నీళ్ళు తోడినట్ల, పడవకు మోకు కట్టి లాగవా? నీళ్ళుండే కాడ ఎద్దులు లేకుండా పనెట్ల అవుతాది? ఈ పిల్లోడు ఎద్దుల్నే సూడల్యా!”

“దొరికిపోయినాడు!” పేతురు కుర్చీలోంచి లేచాడు. “ఏమప్పా, సాక్ష్యం ఏమన్నా ఉండాదా? యాల అట్ల గుడ్లప్పగించి సూస్తావు?”

తిమోతి అరచెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

“గుండె దడా? మందు కలిపియ్యాలనా?” అన్నాడు పేతురు వెటకారంగా.

తిమోతి అవ్వ వైపు చూశాడు. అవ్వ రోకలి పక్కన పెట్టి, బెదురుగా అతని జేబు వైపే చూస్తోంది. తలుపు సందులోంచి పుష్పమ్మ కళ్ళు నీళ్ళు నింపుకుని చూస్తున్నాయి. జేబు మీద చెయ్యి కిందికి దించేశాడు.

“సాక్ష్యమేమీ లేదు మామా. ఎద్దులు మాత్రం తెల్లెద్దులు. ఒకదాని కొమ్ము వంకర.”

“ఏదానికి?” అంది యేసమ్మ, ముందుకు వంగి.

“ఎడమదానికి.”

“అదే! అదే ఎద్దు!”

ఇంక తిమోతికి పట్టపగ్గాల్లేవు. ఎద్దుల మెడలో గంటలు మోగించాడు. గట్టు పొడుగునా తవుడు తొట్లు పెట్టించాడు. పెద్ద గుడి ముందు వాటిచేత పేడ కూడా వేయించాడు.

“వంతెన కింద పడవ పోయేటప్పుడో?” అన్నాడు పేతురు, పట్టేశానన్నట్టుగా.

“మోకు ఇప్పేసి, ఎద్దుల్ని వంతెనెక్కించి, అవతల దించి మళ్ళా కడతారు మామా.”

పాతికేళ్ళుగా చెబుతున్నా యేసమ్మకు ఈ ముక్క తట్టనే లేదు. రెండుసార్లు రెప్పలార్పింది.

“ఔనౌను. ముసలిదాన్ని, ఆ సంగతే మర్సిపోయింటి. పేతురూ, వీడు పోయొచ్చినోడేరా! ఆదివారమే గుడిలో పెండ్లి ప్రకటన సదివించు. ఒరే నాయనా, ఇంక నువ్వూ నా పక్కనే కూసోని చెప్పాల.”

“అట్లే అవ్వా.”

పేతురు ముఖం చిన్నబోయింది. అయినా మాట మీద నిలబడే మనిషి. “అనుమానపడింది నా తప్పేనప్పా. నిజం చెప్పే అల్లుడు దొరకాలంటే అదృష్టముండాల,” అని తిమోతి భుజం తట్టాడు. పుష్పమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. సంతోషంలో పాపం చక్కెర వేయడం మరిచిపోయింది. తిమోతి అది తేనెలా తాగాడు.

బస్టాండులో పుంగనూరు పోయే, బొగ్గుతో నడిచే బస్సు నిలబడి ఉంది. డ్రైవరు బస్సు వెనకున్న బొగ్గుల డ్రమ్ము మూత తీసి నిప్పు రాజేస్తున్నాడు. తిమోతి జేబు గుండీ విప్పి, ఫోటో ఒకటి తీసి, తనివితీరా ఒకసారి చూసుకుని, ఆ నిప్పుల్లో పడేశాడు.

“యాలప్పా కాల్సేస్తివి?”

“పెండ్లికి అడ్డమన్నా.”

డ్రైవరు పళ్ళికిలించాడు. “ఓహో! ఎవురామె? ఇటలీ పిల్లా?”

తిమోతి నవ్వి బస్సెక్కాడు.

ఫోటోలో వెనీసు ఉంది, పడవలో తిమోతి ఉన్నాడు, ఎద్దులే లేవు.