టాన్సీ జ్ఞానతల్లి

కారు ఆపి పది నిమిషాలైనా మార్లిస్ దిగలేదు.

సరస్సు ఒడ్డున అప్పటికే పాతికమంది గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో నెగడు. మే నెల వచ్చినా అమెరికా ఉత్తరాన ఉన్న డులూత్‌లో గాలి చెవులు కోసేస్తోంది. లినియా పరుగున వచ్చి కారు అద్దం మీద టకటకా కొట్టింది.

"దిగవే! జ్ఞానతల్లివి నువ్వు లేకుండా మా పాపకి పేరెలా పెట్టమంటావ్?"

"లోపల వెచ్చగా బాగుంది లినీ. ఇక్కణ్ణుంచే దీవిస్తాలే."

"పది వారాల్నుంచీ ఇదే వరస. ఒకసారి జలుబంటావు, ఒకసారి బస్సు రిపేరంటావు. మూడు మైళ్ళు రాలేవా? పుట్టిన రోజు ఆసుపత్రిలో చూశావు, అంతే!"

మార్లిస్ స్టీరింగు వదల్లేదు. బడి బస్సు నడుపుతుందామె. నలభై ఆరుమంది పిల్లల్ని రెండు పూటలా మంచులో క్షేమంగా తిప్పి తెచ్చే మనిషి. సొంత కూతురు హైస్కూల్లో ఉంది. అలాంటిది, ఒక పసిగుడ్డును ఎత్తుకోవాలంటే భయమేస్తోందని ఎలా చెప్పడం?

లినియా, ఆమె భర్త డేరిన్ ప్రకృతిని కొలిచే పేగన్లు. వాళ్ళకి చర్చి లేదు, పాస్టరు లేడు. నేల, నీరు, నిప్పు, గాలి సాక్షిగా బిడ్డను నలుగురిలోకి ఆహ్వానిస్తారు. జ్ఞానతల్లి బిడ్డను ఎత్తుకుని నెగడు చుట్టూ మూడుసార్లు తిరిగి, తల్లి చేతుల్లో పెట్టి, "ఇదిగో, నీ బిడ్డ" అనాలి. ఆ ఒక్క మాట కోసం మార్లిస్ వారం రోజులుగా ఖాళీ బస్సులో సాధన చేస్తోంది. ఒక్కసారీ సరిగ్గా రాలేదు.

చివరికి దిగింది. దిగగానే ఆర్డెల్ కంట్లో పడింది. ఆర్డెల్ డేరిన్‌కి నాయనమ్మ. ఎనభై నాలుగేళ్ళు. ఆదివారం చర్చి మానని మనిషి. ఈ తంతు ఏమిటో చూసి పోదామని అయోవా నుంచి నిన్ననే వచ్చి, మడత కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"నువ్వేనా జ్ఞానతల్లివి?" అంది పైనుంచి కిందికి చూస్తూ. "పాపకి టాన్సీ అని ఆ పసుపు పూల కలుపుమొక్క పేరు పెడుతున్నారట. మా పొలంలో ఆ మొక్క కనబడితే పీకి పారేస్తాం."

"ఎంత పీకినా మళ్ళీ మొలుస్తుంది కదా బామ్మగారూ."

ఆర్డెల్‌కి ఆ జవాబు నచ్చింది. నచ్చిన వాళ్ళకి సలహా చెప్పకుండా ఆమె ఉండలేదు.

"నువ్వు కాస్త నడవాలమ్మాయ్. పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం, పొట్ట ఎలా వచ్చిందో చూడు. మా లినియా చూడు ఎలా ఉందో! బాలింతంటే ఎవరైనా నమ్ముతారా?"

తేనె కేకు తింటున్న లినియాకి పొలమారింది.

"అంతా బస్సు సీటు మహిమ బామ్మగారూ," అంది మార్లిస్.

రమోనా గంట మోగించింది. రిటైరయ్యేదాకా ఇంటింటికీ ఉత్తరాలు పంచిన రమోనాయే ఈ బృందానికి పూజారిణి.

"అందరూ మౌనంగా ఉండండి. పాప మన మనసుల్ని వినాలి."

అంతా నిశ్శబ్దమైంది. పాప గుక్కపట్టింది.

లినియా ఊపింది. డేరిన్ జోకొట్టాడు. రమోనా ఈకతో విసిరింది. లాభం లేదు, పాప ముఖం కందిపోయింది.

"ఇంట్లోనూ ఇంతే. చప్పుడు లేకపోతే దీనికి తోచదు," అంటూ లినియా పాపను తెచ్చి మార్లిస్ చేతుల్లో పెట్టేసింది.

మార్లిస్ కొయ్యబారిపోయింది. ఏం చెయ్యాలో తోచక, నోటికి అలవాటైన కేక ఒకటి తన్నుకొచ్చింది.

"వెనక సీట్లో వాళ్ళు! కూర్చుంటేగానీ బస్సు కదలదు!"

పాప టక్కున ఏడుపు ఆపింది. కళ్ళు విప్పార్చి ఆ ముఖంలోకే చూసింది. వెనక నిలబడ్డ ముగ్గురు నిజంగానే కూర్చుండిపోయారు. జనమంతా ఘొల్లున నవ్వారు.

"మంత్రమంటే అదీ!" అంది ఆర్డెల్. "మా పాస్టరుకి ఆ గొంతే ఉంటే నేను చర్చిలో కునుకు తీసేదాన్నా?"

మార్లిస్ నడవడం మొదలుపెట్టింది. ఒక చుట్టు అయింది. రెండోదీ అయింది. మూడో చుట్టు సగంలో ఆమె ఆగిపోయింది. పాప ఆమె కాలరు పట్టుకుని ఉంది. ఎదురుగా లినియా చేతులు చాచి నిలబడింది. అర నిమిషం గడిచింది. రమోనా దగ్గింది.

"ఏమ్మాయ్, బస్సెక్కించి తీసుకుపోతావా ఏంటి?" అంది ఆర్డెల్.

అందరూ నవ్వారు. లినియా నవ్వలేదు.

"తొందరేం లేదే," అంది మెల్లగా. "నీకు చాలనిపించేదాకా ఉంచుకో."

ఆ మాటతో మార్లిస్ కాళ్ళు కదిలాయి. కాలరు పట్టుకున్న చిన్న వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. పాపను అందించింది.

"ఇదిగో లినీ, నీ బిడ్డ."

మాట తడబడలేదు. చేతులు మాత్రం కాసేపు అలాగే గాల్లో ఉండిపోయాయి.

రమోనా పాప నుదుటికి సరస్సు నీళ్ళు అద్దింది. పాతికమందీ ఒక్క గొంతుతో "టాన్సీ!" అని అరిచారు. ఆ గోలకి పాప హాయిగా నిద్రపోయింది.

భోజనాల దగ్గర ఆర్డెల్ తన కుర్చీని లినియా పక్కకి లాగించుకుంది. కోడిమాంసం, బంగాళాదుంపలు పళ్ళెంలో పొగలు కక్కుతున్నాయి. ముసలావిడకి మనసు మెత్తబడింది.

"గట్టిదానివే అమ్మాయ్. పంతొమ్మిది గంటలు నొప్పులని మా డేరిన్ ఫోన్లో చెబితే ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఎలా ఓర్చుకున్నావే తల్లీ?"

లినియా భర్త వైపు చూసింది. ఇంక చెప్పెయ్యమన్నట్టు డేరిన్ తలూపాడు.

"నన్నడిగితే నాకేం తెలుస్తుంది బామ్మా, మా బిడ్డని తొమ్మిది నెలలూ మోసి కన్నది అదిగో, ఆ మార్లిస్!"