పన్నెండో ర్యాంకు

"ఇది రాసింది ఎవలు?"

జిరాక్స్ మిషన్ మీద ఉన్న కాగితం తీసి పట్టుకుని అడిగాడు ఆ కుర్రాడు. మెడలో గులాబీ రుమాలు, చేతికి కడియం, ఎత్తైన మనిషి.

శ్రీకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సుల్లేవు. దానికితోడు ఆ రోజు బంద్. కాలేజీల ఫుట్‌బాల్ పోటీలకు దరఖాస్తు ఇవ్వడానికి సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. అందుకని ఎల్బీనగర్ హాస్టల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే వచ్చాడు శ్రీకర్. సందులో ఒక్క జిరాక్స్ షాపు మాత్రం సగం తెరిచి ఉంది. లోపలికి అడుగుపెట్టి దరఖాస్తూ, కాలేజీ టీములకు తను ఇచ్చుకున్న ర్యాంకుల కాగితమూ మిషన్ మీద పెట్టాడో లేదో, కొత్తపేట వైపు నుంచి నినాదాలు వినిపించాయి. వెనకే ఈ రుమాలు కుర్రాడు దూరాడు. షాపు పెద్దాయన షట్టర్ మోకాలి ఎత్తుకు దించేశాడు.

శ్రీకర్‌ది తణుకు. ఆ సంగతి అతను చెప్పక్కర్లేదు, నోరు విప్పితే చాలు. "యాస బయటపడిందనుకో, అయిపోయావంతే. నోరు కుట్టేసుకుని వెళ్లిరా" అని రూమ్మేట్ చక్రపాణి పొద్దున హెచ్చరించి మరీ పంపాడు. చక్రపాణికి ఎవరు చెప్పారో, వాళ్లకెవరు చెప్పారో! హాస్టల్లో రోజుకో కథ పుడుతోంది.

కానీ ఇప్పుడు నోరు విప్పక తప్పదు. మెస్‌లో వడ్డించే ముత్తమ్మ ఎలా మాట్లాడుతుందో గుర్తు తెచ్చుకున్నాడు.

"నేనే రాసిన. మా టీమోళ్ల కోసం. సీజన్ షురూ అయ్యే ముంగట ఎవల బలం ఎంతనో అంచనా."

"నీదే ఊరు?"

ముత్తమ్మ ఊరే నోట్లోకి వచ్చింది. "నల్లగొండ."

రుమాలు కుర్రాడు ఒక్క క్షణం కళ్లార్పలేదు. "మాది గూడ నల్లగొండనే. యాదగిరి అంటరు నన్ను."

నల్లగొండలో ఎక్కడ, ఏ బజారు, ఎవరి కొడుకువి అని అడిగితే? అడగబోతున్నాడు. అడిగేస్తాడు.

"గది ఇడిసిపెట్టు" అన్నాడు యాదగిరి. "ఒకటి అబ్దుల్లాపూర్‌మెట్, రెండు అల్మాస్‌గూడ, ఆఖరికి పన్నెండు పెద్ద అంబర్‌పేట్. గా పన్నెండోది మా కాలేజి. ఎందుకిచ్చినవ్ పన్నెండు?"

ఊరి గురించి అడిగినా బాగుండేదనిపించింది శ్రీకర్‌కి. పిల్లి ఎలుకను చంపే ముందు కాసేపు ఆడుకుంటుందంటారు.

"మీ గోల్‌కీపర్ కొత్తోడని..."

"కొత్తోడైతేంది? ఆరడుగులున్నడు."

"ఎత్తుంటే ఏం ఫాయిదా? కిందకెళ్లి వచ్చే బంతికి వంగద్దా?"

"అబ్దుల్లాపూర్‌మెట్‌కు ఫస్టు ఎట్లిస్తవ్? వాళ్ల సెంటర్ ఫార్వర్డ్‌కు మోకాలు పోయింది. అల్మాస్‌గూడోళ్లకు గ్రౌండే లేదు. ప్లాట్ల నడుమ హద్దురాళ్లు తప్పించుకుంట ఆడుతరు."

"అట్ల ఆడేటోళ్లకే కాళ్లల్ల పనితనం ఉంటది. పోయినేడు మీకు మూడు గోల్స్ కొట్టింది వాళ్లే గద!"

"మూడిట్ల ఒకటి ఆఫ్‌సైడండీ!"

మాట మీద మాట పెరిగింది. ఆటలో పడితే శ్రీకర్‌కి ఒళ్లు తెలియదు. "అది కాదండీ బాబూ..." అనేశాడు.

అని నాలుక కరుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే యాదగిరి సెల్ మోగింది. చూసి, కట్ చేశాడు. వెంటనే మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. మూడోసారికి సెల్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. బయట ఊరేగింపులో వీడి మనుషులుంటారు, వాళ్లే పిలుస్తున్నారు అనుకున్నాడు శ్రీకర్. వీడు విన్నాడా, లేదా? ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

షట్టర్ దబదబ మోగింది.

కింది ఖాళీలోంచి పది పదిహేను జతల కాళ్లు కనిపించాయి. ఒకతను వంగి లోపలికి చూశాడు. "జానన్నా! బంద్ అంటే బందే గదనే. లోపట ఎవలున్నరు?"

శ్రీకర్ యాదగిరి వంక చూశాడు. ఇప్పుడు వీడు ఒక్క మాట అంటే చాలు. యాదగిరి అనడం లేదు. అతని చేతిలో కాగితం మాత్రం వణుకుతోంది. కోపం ఆపుకుంటున్నాడు కాబోలు. శ్రీకర్ మనసులో అమ్మను తలుచుకున్నాడు.

షాపు పెద్దాయన జానయ్య మిషన్ మూత దించి, నింపాదిగా అన్నాడు. "మనోళ్లేరా. నల్లగొండ పోరగాండ్లు. ఫుట్‌బాల్ ముచ్చట పెడుతుండ్రు."

"ఎవలు గెలుస్తరంట?"

"గది తేలకనే గీ లొల్లి."

బయట నవ్వులు. "జై తెలంగాణ!" అని అరిచాడు యాదగిరి గొంతు చించుకుని. శ్రీకర్ అంతకన్నా గట్టిగా అరిచాడు. కాళ్లన్నీ ముందుకు కదిలాయి. డప్పుల మోత దూరంగా సాగిపోయింది.

జానయ్య మిషన్ మూత మళ్లీ ఎత్తి దరఖాస్తు కాపీలు తీశాడు.

"పన్నెండు జర మార్చు తమ్మీ" అన్నాడు యాదగిరి చివరికి, కాగితం అందిస్తూ. శ్రీకర్ కొట్టేసి, ఐదు అని రాశాడు. అంకె వంకరగా వచ్చింది. దరఖాస్తు కాపీలు తీసుకుని గుమ్మం వైపు తిరిగాడు. యాదగిరీ కదిలాడు. ముందు నువ్వు పో అంటే నువ్వు పో అన్నట్టు ఇద్దరూ ఆగిపోయారు.

జానయ్య కుండలోంచి రెండు గ్లాసుల మంచినీళ్లు ముంచి చెరొకటి చేతిలో పెట్టి, షట్టర్ పూర్తిగా ఎత్తుతూ అన్నాడు:

"ఇగ చాలు గని, గీ దుకాన్ల నల్లగొండోణ్ని నేనొక్కణ్నే, మీరిద్దరు నిమ్మలంగ మీ గోదారి మాటలే మాట్లాడుకోండ్రి."