సగం లడ్డూ

"ఆయీ, నాకు రాజ్‌గిరా లడ్డూ తినాలనుంది."

అత్తగారిని అమ్మ లెక్కన 'ఆయీ' అని పిలిచే కోడలు ఋతుజా ఆ మాట మూడోసారి అంటే గానీ వత్సలాబాయి చెవికెక్కలేదు. చేతిలో టీ చల్లారి మీగడ కట్టింది. కొడుకు నిరంజన్ ఘాట్ రోడ్డు ప్రమాదంలో పోయి ఏడు వారాలైంది. అప్పట్నుంచి సొంత ఇంట్లో ఏం జరుగుతున్నా ఆవిడకు పక్కింట్లో జరుగుతున్నట్టే ఉంది. ఏడుపు రాదు. ఆకలి లేదు. రోజంతా టీ మీదే గడుస్తుంది.

"రాజ్‌గిరానా? ఆ తోటకూర గింజలా? నువ్వా? పెళ్లయిన కొత్తలో ఇసక తిన్నట్టుందని ఉమ్మేశావుగా."

"అప్పుడు తిన్నది నేను. ఇప్పుడు అడిగేది లోపలున్నది."

ఋతుజాకు ఐదో నెల. కడుపుతో ఉన్నవాళ్ల కోరికలు, డోహాళే, తీర్చకపోతే పుట్టే బిడ్డకు చొంగ ఆగదని సాతారాలో ప్రతి అత్తగారికీ తెలుసు.

"బజార్లో తెప్పించుకో."

"బజారువి వద్దు. మీ చేత్తో చెయ్యాలి. డాక్టరమ్మ ఏమందో చెప్పానుగా?"

చెప్పింది. కిందటి మంగళవారం పరీక్షకు వెళ్తూ తోడు రమ్మని వత్సలాబాయిని బలవంతాన లాక్కెళ్లింది. కోడలికి రక్తం తీసిన నర్సు, ఎలాగూ వచ్చారుగా అని ఆవిడ చేతికీ ఓ సూది గుచ్చింది. గుచ్చినట్టే తెలియలేదు. రెండ్రోజుల తర్వాత ఋతుజా ఒక్కతే వెళ్లి కాగితాలు తెచ్చింది. మెగ్నీషియం బాగా తక్కువుందట. ఇంకా పడిపోతే గుండెకే ముప్పట. మాత్రలు గొంతు దిగవు కనక మూడు వారాలు తిండితోనే పెంచి చూస్తారట. పెరక్కపోతే ఆసుపత్రిలో చేర్చుకుంటారట.

ఆసుపత్రి అన్న మాటకు మాత్రం వత్సలాబాయిలో ఏదో కదిలింది. కొడుకును ఆసుపత్రి నుంచి తెల్లగుడ్డలో తెచ్చుకుంది. ఇప్పుడు ఆ కడుపులోది కూడా పోతే తట్టుకునే ఓపిక లేదు. లేచింది. రాజ్‌గిరా పేలాలు వేయించి, బెల్లం పాకం పట్టింది. వేడి పాకం వేలికి తగిలినా చెయ్యి వెనక్కి తియ్యలేదు.

ఋతుజా లడ్డూను సగానికి తుంచి, ఒక ముక్క అత్తగారి ముందు పెట్టింది.

"నాకొద్దు."

"మా పుట్టింటి ఊరు ఫల్టణ్ ఆచారం ఆయీ. వండిన చెయ్యి సగం తింటేనే డోహాళే తీరినట్టు."

"నలభై ఏళ్లుగా పెళ్లిళ్లూ పురుళ్లూ చూస్తున్నాను. ఎక్కడా వినలేదమ్మా."

"మీరు ఫల్టణ్ ఎప్పుడెళ్లారు కనక?"

"ఈ నోరు మీ అమ్మ ఇచ్చిందా?"

"ఆచారంతో పాటే ఇచ్చింది. తినండి."

తింది. రుచేం తెలియలేదు. నమిలింది, మింగింది, అంతే.

ఇక రోజుకో కోరిక. గుమ్మడి గింజల చట్నీ, సజ్జ భాకరీ రొట్టె మీద నువ్వుల పొడి, పాలకూర పప్పు, మొలకెత్తిన పెసల కూర. వత్సలాబాయి వండేది, ఋతుజా చెరి సగం చేసేది. రెండో వారంలో కోడలు ఇంకో మెలిక పెట్టింది, ఇద్దరూ ఒకే కంచంలో తినాలని.

"మీ ఫల్టణ్‌లో వారానికో ఆచారం పుడుతుందటే?" అంది వత్సలాబాయి. అన్నదే గానీ కంచం ముందు కూర్చుంది.

పక్కింటి మంగలతాయీ ఓసారి గుమ్మంలోంచి చూసి నవ్వింది. "ఇదేం డోహాళే వత్సలా! చింతకాయ అడగదు, మామిడి ముక్క అడగదు. గుర్రానికి దాణాలా అన్నీ గింజలే!"

నిజమే. పైగా ఋతుజా ఆ గింజల్ని కళ్లు మూసుకుని కషాయంలా మింగేది. లోపలున్నది అడిగిందేమో, ఈమెకు నచ్చక్కర్లేదు అనుకుంది వత్సలాబాయి.

ఒకరోజు ఋతుజా అత్తగారి బీపీ మాత్ర కంచం పక్కన పెట్టింది.

"తీసెయ్. నేనుండి ఎవర్ని ఉద్ధరించాలి? నువ్వు తిను, చాలు."

ఋతుజా మాత్ర తీసేసింది. తర్వాత, "రేపు మళ్లీ లడ్డూ తినాలనుంది ఆయీ" అంది.

మూడో వారం ఓ పొద్దున, "ఈ నువ్వుల పొడిలో ఉప్పెక్కువైంది" అంది వత్సలాబాయి.

ఋతుజా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏమన్నారు?"

"ఉప్పే. నీకు తెలియట్లేదూ?"

ఋతుజా మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఏడుస్తున్నావా? కాస్త ఉప్పెక్కువైనందుకా?"

"పొగ ఆయీ."

గ్యాస్ పొయ్యికి పొగెక్కడిదని వత్సలాబాయి అడగలేదు. ఆ మధ్యాహ్నం నిరంజన్ చొక్కా మడత పెడుతుంటే ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడు వారాలకు మూడు కలిపితే పది వారాలకి వచ్చిన ఏడుపు. చొక్కా తడిసేదాకా ఏడ్చి, లేచి, సాయంత్రానికి సజ్జ పిండి కలిపింది.

మంగళవారం ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. బల్ల మీద కూర్చున్నాక వత్సలాబాయి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పెరిగే ఉంటుందంటావా?"

"పెరిగే ఉంటుంది ఆయీ. ఒక్క గింజ కూడా వదల్లేదుగా."

"పెరక్కపోతే మళ్లీ చేస్తాను. ఎన్నాళ్లయినా చేస్తాను. నువ్వు సూదికి భయపడకు, చీమ కుట్టినట్టుంటుంది."

"నాకేం భయం లేదు."

నర్సు రబ్బరు పట్టీ పట్టుకుని వచ్చింది. "మెగ్నీషియం పరీక్ష ఎవరికండీ?"

ఋతుజా తన చేతిలో ఉన్న అత్తగారి చేతిని ముందుకు చాపింది.