తరుగు

నిజామాబాద్ పసుపు యార్డులో కాంటా చూసే మధుకర్‌కు ఆ పొద్దున కాలు ఒక్కచోట నిలవడం లేదు.

కాంటా మీద బస్తా లేదు. కూతురు సౌందర్య ఉంది.

"నలభై ఒకటి!" అని కేక పెట్టాడు. "రెండు నెలల్ల ఏడు కిలోలు దించినం! రేపు పదిహేను వందల మీటర్లల్ల నిన్ను అందుకునేదెవరు బిడ్డా!"

బస్తాకు కిలో తరుగు తీస్తే యార్డులో పెద్ద లొల్లి అవుతుంది. కూతురికి ఏడు కిలోల తరుగు తీస్తే చుట్టాలంతా వాట్సాప్‌లో చప్పట్లు కొట్టారు.

కాంటా పైన గోడకు ఓ ఫ్రేము. అందులో పాత పేపర్ ఫొటో, పోటీలో పరుగెత్తుతున్న ఓ సన్నటి అమ్మాయి. కింద పేరుండేది. ఫ్రేములో పట్టడం లేదని మధుకరే కత్తిరించాడు. ఫ్రేము కొత్తది, దాన్ని కొయ్యలేడు కదా.

"గా పిల్లను సూడు. పుల్ల లెక్క ఉన్నది. గట్లుంటేనే ఉరుకుతరు."

"సారూ," అంది రాధాబాయి. కాంటా చుట్టూ ఊడ్చడానికి నెల కిందట చేరిన మనిషి. కాలు ఈడుస్తూ నడుస్తుంది. "పోరి తింటలేదు. రొట్టె తుంచి పావురాలకేస్తున్నది. గింత ఎండల స్వెటర్ తొడుగుతది. నెలసరి కూడ ఆగిందంట."

"దాన్ని డైటు అంటరు," అన్నాడు మధుకర్, మూడో మిర్చిబజ్జీ నములుతూ.

రాధాబాయి కొంగులోంచి పల్లీల లడ్డు తీసి సౌందర్య చేతిలో పెట్టింది.

మధుకర్ పాము పిల్లను చూసినట్టు ఉలిక్కిపడి దాన్ని లాగేసుకున్నాడు.

"ఉరికేటోళ్ల సంగతి నీకేమెరుక? నీ నడకే సక్కగ లేదు!"

సాయంత్రానికి సూపర్‌వైజర్‌కు చెప్పి ఆమెను పనిలోంచి తీసేయించాడు. లడ్డు వృథా కాకూడదని తనే తిన్నాడు.

మర్నాడు గ్రౌండులో తుపాకి పేలింది.

రెండో రౌండుకే సౌందర్య ముందుంది. మూడో రౌండుకు ఇరవై మీటర్లు ముందు! మధుకర్ తాడు బయట ఫోన్ పట్టుకుని, బొజ్జ ఊగుతుండగా తనూ పరుగెత్తాడు.

"ఉరుకు బిడ్డా! అయిపాయె! గెలిచినమే!"

చివరి మలుపులో ఎవరూ తగల్లేదు. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. సౌందర్య కూలిపోయింది.

"పడి కాలు విరగలేదు, విరిగి పడింది," అంది ఆసుపత్రిలో డాక్టర్ స్నేహలత. "పదిహేడేళ్ల పిల్లకు ముసలమ్మ ఎముకలు. ఒంటికి తిండి లేదు. తినాలంటేనే భయపడుతోంది, అదే జబ్బు. ఇంట్లో ఒక్కరూ గమనించలేదా?"

మంచం మీంచి సౌందర్య మెల్లగా అడిగింది.

"బాపూ, కాలికి ఈ పిండికట్టు బరువు గూడ నా లెక్కలనే కలుపుతరా?"

మధుకర్ యార్డుకు పరుగెత్తాడు.

"రాధాబాయి ఏది?"

"మీరే తీసేపిచ్చిరి గద సారూ," అన్నాడు హమాలీ లింబయ్య. "చెరుకు కొట్టేటోళ్ల లారీ ఎక్కి బోధన్ దిక్కు పోయింది. ఏ ఊరో తెల్వది."

మధుకర్ గోడ మీది ఫ్రేమును పీకి నేలకేసి కొట్టబోయాడు.

లింబయ్య గబుక్కున అందుకుని, పసుపు దుమ్మును తువ్వాలతో తుడిచాడు.

"అయ్యో, పలగొట్టకుండ్రి సారూ. కాలు ఇరగకముందు రాధాబాయి దిగిన ఫొటో గిదొక్కటే ఉన్నదంట."