చుట్టాల పరీక్ష

కణంలో ఏ ప్రొటీన్ ఏ గదికి చేరుతుందో కంప్యూటర్‌తో చెప్పించడం మా మేనకోడలి పరిశోధన. కంప్యూటర్‌కి నూటికి తొంభై ఎనిమిది మార్కులొచ్చాయని అందరం మురిసిపోయాం. ఇవాళ వంటింట్లో నిలబడి ఏడ్చింది.

"నేర్పినవాటికి చుట్టాలైన ప్రొటీన్లనే పరీక్షలోనూ పెట్టేశానత్తా. అందుకే అన్నీ చెప్పేసింది. వాటిని తీసేస్తే సగం మార్కులు కూడా రావట్లేదు. తప్పు ఒప్పుకుంటానన్నాను. నోరు మూసుకుని అలాగే అచ్చుకి పంపు, లేకపోతే పట్టా రాదన్నారు మా సారు."

నాకు ఒళ్ళు మండింది. చేతిలో మూత విసిరికొట్టాను.

"పిల్లని బెదిరిస్తాడా? సిగ్గులేని మనిషి!"

"మెల్లగా అత్తా, వినపడుతుంది."

"వినపడాలనే అరుస్తున్నాను!"

హాల్లోంచి మా ఆయన గుమ్మంలోకి వచ్చి, "ల్యాబు గొడవ ఇంటిదాకా తెచ్చావా?" అన్నారు దానితో.

"రండి సారూ," అన్నాను. "ఆ మాటేదో ఇప్పుడు నా ఎదుట అనండి."